ఎకరానికి ఎంత అనే అడిగాం

అమెరికా వ్యవసాయాన్ని మేం సగమే చదివాం, రైతులకు సగమే చెప్పాం. మేం అంటే, 1960ల తర్వాత తెలుగునాట వ్యవసాయ శాస్త్రం చదివి, బోధించి, పత్రికల్లో రాసి, రేడియోలో సలహాలిచ్చినవాళ్లం. 1964లో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ అండగా నిలిచింది. అక్కడి ల్యాండ్ గ్రాంట్ కాలేజీల పద్ధతిలోనే బోధన, పరిశోధన, విస్తరణ ఒక్కచోటికి తెచ్చుకున్నాం. అది మంచి పనేనని ఇప్పటికీ అంటాను. ఎకరానికి ఎంత పండిందని అడిగి ఊరుకున్నామే, చెడింది అక్కడ. ఆ ఎకరం మీద ఎవరు మిగిలారని అడగాలని మాకు తోచలేదు.

మొక్కజొన్న పాఠం మాకు కంఠస్థం. 1930ల దాకా ఎకరానికి పాతిక బుషెళ్ల (అమెరికాలో ధాన్యం కొలత) దగ్గరే తిరుగాడిన దిగుబడి హైబ్రిడ్ విత్తనం, నత్రజని ఎరువు, యంత్రాలతో శతాబ్దం చివరికి 130 దాటింది. అదే దేశంలో 1935లో 68 లక్షలున్న కమతాలు శతాబ్దాంతానికి 20 లక్షల చిల్లరకు పడిపోయాయి. 1900లో పనిచేసేవాళ్లలో నూటికి 40 మంది సేద్యంలో ఉంటే, 2000 నాటికి ఇద్దరే. దీన్ని అభివృద్ధికి గుర్తుగా ఒక్క వాక్యంలో చెప్పి పేజీ తిప్పేశాం.

టమాటా సంగతి చూడండి. కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ కేంద్రంలో కోత యంత్రం తయారైంది. మామూలు టమాటా అందులో పడితే చితికిపోతుంది. పైగా యంత్రం మొక్కను మొదలంటా కోసేస్తుంది, మళ్లీ వచ్చి ఏరుకునే వీలుండదు, కాయలన్నీ ఒక్కసారే పండాలి. అందుకని జాక్ హానా అనే శాస్త్రవేత్త తొక్క మందంగా, కాయ గట్టిగా ఉండి అన్నీ ఒకేసారి పక్వానికొచ్చే వంగడాన్ని రూపొందించారు. మెక్సికో కూలీలను రప్పించే బ్రాసెరో పథకం 1964లో ముగిసింది. ఆ తర్వాత కొన్నేళ్లకే ఫ్యాక్టరీలకు వెళ్లే టమాటా దాదాపు అంతా యంత్రమే కోసింది. 1960ల మొదట్లో నాలుగు వేల దాకా ఉన్న టమాటా రైతులు 1973 నాటికి ఆరు వందలయ్యారు. ఆ వంగడాన్ని మెచ్చుకుంటూ పాఠం చెప్పాం. మిగతా రైతులు ఏమయ్యారో పరీక్షలో ఎన్నడూ అడగలేదు.

తెలియక జరిగిందని తప్పించుకోవడానికి లేదు. 1940ల్లోనే వాల్టర్ గోల్డ్‌ష్మిట్ అనే పరిశోధకుడు కాలిఫోర్నియాలో ఆర్విన్, డైనూబా అనే రెండు ఊళ్లను పోల్చి చూశారు. పంట విలువ రెండుచోట్లా ఇంచుమించు ఒకటే. పెద్ద కమతాల ఆర్విన్‌లో కూలీలెక్కువ, బడులు, పార్కులు, దుకాణాలు తక్కువ. చిన్న కమతాల డైనూబాలో ఇవన్నీ మెరుగు. పెద్ద భూస్వాముల ఒత్తిడితో ఆ పరిశోధనను ముందుకు సాగనివ్వలేదు. అయినా చేసినంత మేరకు అచ్చయి, గ్రంథాలయాలకు చేరింది. మేం తెరవలేదు.

నల్లజాతి రైతుల కథ ఇంకా బాధ కలిగిస్తుంది. 1920లో తొమ్మిది లక్షల పైచిలుకు ఉన్నవాళ్లు 1997 నాటికి 18 వేల చిల్లర. పత్తి ఏరే యంత్రం కొందరిని తరిమింది. అంతకుముందే, 1930ల్లో సాగు తగ్గించినందుకు ప్రభుత్వమిచ్చిన పరిహారం ఎక్కువగా భూస్వాములకే చేరి, పాలుకు చేసేవాళ్లు గుడిసెలు ఖాళీ చేయాల్సి వచ్చింది. మిగిలినవాళ్లకు వ్యవసాయ శాఖ కార్యాలయాల్లో అప్పు పుట్టలేదు. ఆ వివక్షపై కోర్టులో రాజీ కుదిరేసరికి 1999 వచ్చింది. కౌలుదారుకు బ్యాంకు రుణం అందని మన ఊళ్లకు ఇంతకన్నా పనికొచ్చే పాఠం ఏముంది? అదీ చెప్పలేదు.

1970ల్లో ధరలు బాగున్నాయని, కంచెదాకా దున్నమని ప్రభుత్వ పెద్దలు ప్రోత్సహిస్తే అమెరికా రైతులు అప్పుచేసి భూములు కొన్నారు. దశాబ్దం తిరిగేసరికి వడ్డీ పెరిగింది, భూమి ధర కూలింది, వేలంపాటలు మొదలయ్యాయి. అయోవా స్టేట్ యూనివర్సిటీ విస్తరణ విభాగం 1985లో రైతు కుటుంబాల కోసం టెలిఫోన్ సహాయ కేంద్రం తెరిచింది. మరుసటి ఏడాది, భూమి జప్తు చేసేముందు రైతుతో అప్పిచ్చినవాళ్లు మధ్యవర్తి ఎదుట కూర్చోవాలని ఆ రాష్ట్రం చట్టం చేసింది. అప్పటికి పన్నెండేళ్ల తర్వాత, 1997-98లో, లద్దెపురుగు పత్తిని ఊడ్చేసి వరంగల్ జిల్లాలో రైతులు పురుగుమందు తాగి చనిపోతుంటే, మేం ఏ మందు ఎంత మోతాదులో కొట్టాలో రాసిన కరపత్రాలు పంచాం. అప్పుల సంగతి మా విభాగం పని కాదనుకున్నాం.