ఎన్నింటికి ఎన్ని?

లాడ్ బజార్‌లో గాజులు కొనే ప్రతి స్త్రీకీ తన చేతి సైజు తెలుసు. పెట్టెలపై 2.4, 2.6, 2.8, 2.10 అని రాసి ఉంటుంది. బడిలో నేర్చిన దశాంశాల ప్రకారం 2.10 అన్నింటికంటే చిన్నది. కానీ దుకాణంలో అదే పెద్ద గాజు. ఎందుకంటే ఇక్కడ చుక్క తర్వాత ఉన్న అంకె అంగుళంలో పదహారో వంతులను తెలుపుతుంది. 2.8 అంటే రెండున్నర అంగుళాలు. ఏ కొలతతో కొలిచారో తెలియనిదే అంకెకు అర్థం తెలియదు.

గత నెల ఆ బజారులో లక్క గాజులు తయారుచేసే ఒక సోదరుని దుకాణంలో కూర్చున్నాము. తొమ్మిదో తరగతి చదువుతున్న తన కుమార్తె ప్రగతి పత్రాన్ని ఆయన మా చేతికిచ్చారు. "లెక్కల్లో మొదట 18, తర్వాత 17 వచ్చాయి. ఇప్పుడు 31. అల్‌హమ్దులిల్లాహ్, అమ్మాయి మెరుగుపడింది" అన్నారు. పక్కనే గాజుకు రాళ్ళు అతుకుతున్న ఆ అమ్మాయి తల ఎత్తలేదు.

పత్రం చూశాక ఆమె మౌనానికి కారణం మాకు అర్థమైంది. మొదటి రెండూ నిర్మాణాత్మక మూల్యాంకనాలు. బడులలో ఎఫ్.ఏ. అని పిలిచేవి ఇవే. ఒక్కొక్కటి 20 మార్కులకు జరిగింది. మూడవది ఎస్.ఏ. అనబడే సంగ్రహణాత్మక పరీక్ష. అది 80 మార్కులకు. అంటే అమ్మాయి నూటికి 90 నుండి 85కు, అక్కడి నుండి 39కి దిగింది. నిజం చెబితే బడి మాన్పిస్తారేమోనని ఆమె భయం. దాచిపెడితే పదో తరగతి పరీక్ష దానిని దాచనివ్వదు.

మేము చెప్పాము. ఆయన ముఖం మారిపోయింది. "నాకెందుకు చెప్పలేదు?" అని కుమార్తెపై గొంతు పెంచారు. "భాయ్ సాబ్, పత్రంపై సంతకం మీదే కదా" అన్నాము. ఆయన తగ్గారు.

తర్వాత ముగ్గురం కలిసి ఆ పత్రాన్ని మళ్ళీ చదివాము. ఎఫ్.ఏ. మార్కులలో చిన్న రాతపరీక్ష ఒక భాగం మాత్రమే. తరగతిలో పాల్గొనడం, నోటు పుస్తకాలలో రాత పనులు, ప్రాజెక్టు మిగిలిన భాగాలు. ఇవి రోజుల తరబడి, ఉపాధ్యాయుల సాయంతో సాగేవి. ఎస్.ఏ. పరీక్షలో విద్యార్థి ఎవరి సాయమూ లేకుండా ఒకే పూట రాయాలి. కనుక మొదటిది ఎక్కువగా, రెండవది తక్కువగా ఉన్నంత మాత్రాన అమ్మాయి సోమరి అని గాని, మందమతి అని గాని తీర్పు చెప్పరాదు. కారణం జవాబు పత్రంలో వెదకాలి.

జవాబు పత్రం ఆమె సంచిలోనే ఉంది. చిన్న ప్రశ్నలకు దాదాపు అన్నీ సరైన జవాబులే. పెద్ద లెక్కలు మాత్రం సగంలో ఆగిపోయాయి, కొన్ని అసలు మొదలే కాలేదు. "బేటీ, తెలియకనా, సమయం చాలకనా?" అని అడిగాము. "అర్థమవుతాయి. కానీ ఇంట్లో ఒక్క లెక్కా చివరిదాకా చేసి చూడలేదు. సాయంత్రం ఇక్కడే ఉంటాను కదా" అంది.

తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. పెళ్ళిళ్ళ కాలం, ఆర్డర్లు నిండుగా ఉన్నాయి. చివరకు రాళ్ళ పళ్ళెం తన ముందుకు లాక్కుని, "మగ్రిబ్ తర్వాత ఇక నువ్వు ఇక్కడికి రావద్దు. లెక్కలు చేసుకో" అన్నారు. ఆ పని ఇప్పుడు ఆయన ఒక్కరే చేసుకోవాలి. అది చిన్న త్యాగం కాదు.

పాఠక సోదర సోదరీమణులారా! మన ఇళ్ళలోకి వచ్చే పత్రాలన్నీ ఒకే కొలతతో రావు. కొన్నేళ్ళ క్రితం తెలంగాణలో పదో తరగతి పూర్తిచేసిన అక్క మెమోలో గ్రేడు పాయింట్లు ఉంటాయి. 2024-25 నుండి రాస్తున్న చెల్లెలికి మార్కులు ఇస్తున్నారు. గ్రేడులో 91కీ 100కీ ఒకే పది పాయింట్లు. అందుచేత ఆ రెండు మెమోలను పక్కపక్కన పెట్టి ఒకరిని పొగడి, ఒకరిని కించపరచడం న్యాయం కాదు. అలాగే జె.ఇ.ఇ. మెయిన్ ఫలితంలో 90 పర్సంటైల్ అంటే 90 మార్కులు కావు. ఆ విడతలో రాసిన ప్రతి నూరు మందిలో తొంభై మందికి అంతే మార్కులో, అంతకు తక్కువో వచ్చాయని అర్థం.

కొలతలలో, తూకాలలో మోసం చేసేవారిని అల్ ముతఫ్ఫిఫీన్ సూరా తీవ్రంగా హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను మనం అంగడికి వర్తింపజేసుకుంటాము. అల్లాహ్ మనకు అమానతుగా అప్పగించిన బిడ్డను అంచనా వేసేటప్పుడు కూడా గుర్తుంచుకుంటే ఎంత బాగుండును!

ఈసారి పత్రం ఇంటికి వచ్చినప్పుడు సంతకానికి ముందు బిడ్డను పక్కన కూర్చోబెట్టుకోండి. ఎన్నింటికి ఎన్ని వచ్చాయో అడగండి. ఏ రకం ప్రశ్నల దగ్గర ఆగిపోయిందో జవాబు పత్రంలో చూపించమనండి. ఆపై, దీనికి ఇంట్లో మేము ఏమి మార్చుకోవాలని అడగండి. చదవడం రాని తల్లిదండ్రులు సైతం ఈ మూడు ప్రశ్నలు అడగగలరు. కోపం లేకుండా అడిగితే బిడ్డ ఇన్షా అల్లాహ్ నిజమే చెబుతుంది.