పల్లకిలో వచ్చే పెళ్లిపిలుపు



సముద్రపు ఒడ్డున ఉండే పిల్లలకు పడవలు తీరం చేరటం పెద్ద వార్త. నంద్యాల జిల్లాలో, ఆళ్లగడ్డ చుట్టుపక్కల పిల్లలకు ఏటా ఒక పెద్ద వార్త ఉన్నది. అది పల్లకి రావటం!

ఆళ్లగడ్డకు తూర్పున, నల్లమల కొండల్లో అహోబిలం ఉన్నది. అక్కడి నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడని కథ. చెంచులు ఆ అడవినే నమ్ముకుని బతికినవారు. అందుచేత స్వామి వారికి ఇంటి అల్లుడు! ఫాల్గుణ మాసపు బ్రహ్మోత్సవాలలో స్వామికి కల్యాణం జరుగుతుంది. మరి, పెళ్లికి అందరినీ పిలవవద్దూ? పిలవటానికి స్వామి తానే బయలుదేరుతాడు. దీనినే పారువేట అంటారు.

సంక్రాంతి మర్నాడు, కనుమనాడు, జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాదవరదస్వామి ఉత్సవమూర్తులు పల్లకి ఎక్కుతారు. బోయీలు భుజాన మోస్తారు. సుమారు 40 రోజుల ప్రయాణం, 30కి పైగా ఊళ్లు! పల్లకి వచ్చిన రోజే ఆ ఊరికి తిరునాళ్ల. అత్తవారిళ్లకు వెళ్లిన ఆడపడుచులు సైతం పిల్లలతో పుట్టింటికి వస్తారు.

చూశారా! పెళ్లికొడుకు దేవుడే అయినా, కొండమీద కూర్చుని కబురు పంపలేదు. చిన్న పల్లె గదా అని దాటిపోలేదు. మనమో, ఫోనులో ఒక్క మాట చెప్పి పిలిచామనుకుంటాము.

మీ బడిలో వార్షికోత్సవం జరుగుతుంది గదా? ఎవరూ పిలవని ఇల్లు మీ వీధిలో ఒకటి ఉండే ఉంటుంది. ఈసారి మొదటి పిలుపు ఆ ఇంటికే. నడిచి వెళ్లి, గుమ్మం ముందు నిలబడి పిలవండి. వారి ముఖం ఎలా వెలిగిందో వచ్చి మీ అమ్మకు చెప్పండి.