సహనమంటే మౌనం కాదు

అమెరికాలోని న్యూజెర్సీ నుంచి ఒక సోదరి తమ మామగారి విషయమై మాకు వ్రాశారు. ఆయనకు కొన్నేళ్ళ క్రితం కృత్రిమ మోకీలు అమర్చారు. కుమారుని ఇంటి తోటలో పనిచేస్తుండగా కాలికి పట్టిన పిడుదును పీకి పారవేసి, ఆ సంగతే మరచిపోయారు. వారాలు గడిచాక అదే మోకాలు వాచింది. "అల్లాహ్ పెట్టిన పరీక్ష, సహిస్తాను. ఆస్పత్రి వద్దు" అంటున్నారట. ఇది సహనమేనా అని ఆమె ప్రశ్న.

మేము వైద్యులము కాము. తెలిసినవారిని అడిగి గ్రహించినది చెబుతున్నాము. ఆ ప్రాంతంలో జింక పిడుదుల వల్ల లైమ్ వ్యాధి సోకుతుంది. 1975 ప్రాంతంలో కనెక్టికట్ రాష్ట్రంలోని లైమ్ పట్టణపు పిల్లలకు కీళ్ళు వాయడంతో ఇది వెలుగులోకి వచ్చింది. ఈ వ్యాధి తరచుగా మోకాలినే పట్టుకుంటుంది.

కృత్రిమ కీలు వాచినప్పుడు వైద్యులు సహజంగా స్టాఫిలోకాకస్ వంటి క్రిములను ముందుగా అనుమానిస్తారు. అవి అమర్చిన కీలుపై పొరకట్టి అంటుకుంటాయి. మందులు మాత్రమే చాలక తిరిగి శస్త్రచికిత్స చేయవలసి వస్తుంది, ఒక్కోసారి కీలునే తొలగించవలసి వస్తుంది. లైమ్ క్రిమి అయిన బొర్రీలియా మామూలు కల్చర్ పరీక్షకు దొరకదు. దానికి రక్తపరీక్ష, కీలు నీటికి పిసిఆర్ పరీక్ష వేరుగా చేయించాలి. సహజమైన కీలుకు సోకితే సాధారణంగా 28 రోజులు డాక్సీసైక్లిన్ వంటి మందు ఇస్తారు. కృత్రిమ కీలుకు సోకడం అరుదు. అట్టివారిలో కీలును తొలగించకుండానే నయమైన ఉదాహరణలున్నాయి. కొందరికి మందులతో పాటు కీలును శుభ్రపరచే శస్త్రచికిత్స కూడా అవసరమైంది. ఏది తగునో నిర్ణయించవలసినది వైద్యులే.

కనుక అమ్మా, జాప్యం చేయకండి. కీలు అమర్చిన సంవత్సరం, పిడుదు పట్టిన రోజులు, రెండూ వైద్యునికి తప్పక చెప్పండి. కీలు నీరు తీసి పరీక్షించకముందే ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు వేయకండి. అసలు క్రిమి పరీక్షకు చిక్కకుండా పోవచ్చు. జ్వరం కూడా ఉంటే ఆనాడే తీసుకువెళ్ళండి.

మామగారితో మా మాటగా ఇది చెప్పండి. హజ్రత్ అయ్యూబ్ (అలైహిస్సలాం) తమ బాధను ప్రభువుకు విన్నవించుకున్నారు. అయినా అల్లాహ్ ఆయనను సహనశీలునిగానే ప్రశంసించాడు. బాధ చెప్పుకోవడం సహనానికి భంగం కాదు. వైద్యం చేయించుకొమ్మని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) స్వయంగా ఆదేశించారు. దేహం మన సొత్తు కాదు, అమానతు. దానిని కాపాడుకోవడం ఇబాదత్‌లో భాగమే. మోకాలు వంగనంత కాలం కుర్చీపై కూర్చుండి నమాజు చేయడానికి ధర్మం అనుమతించింది.

అల్లాహ్ ఆయనకు సంపూర్ణ స్వస్థత ప్రసాదించుగాక. ఆమీన్.