చెట్లు పచ్చగానే ఉన్నాయి, మూలికలేవీ?

నల్లమలలో చెట్లు నరికివేయడం వల్లనే మూలికలు కరవయ్యాయని మనలో చాలామంది భావిస్తారు. ఇది సగం నిజం మాత్రమే. ఆత్మకూరు నుండి దోర్నాల వెళ్ళే బస్సులో కిటికీ ప్రక్కన కూర్చుని చూడండి. బైర్లూటి మొదలు రోడ్డుకు ఇరువైపులా మద్ది, చిరుమాను, యేగి, తునికి, టేకు శ్రావణ భాద్రపదాలలో కన్నుల పండువగా ఉంటాయి. చెట్లకు లోటు లేదు. లోటు ఉన్నది చెట్ల క్రింద. నేలవేము, ముయ్యాకుపొన్న, పిల్లిపీచర మోకాలెత్తున ఉండవలసిన చోట చాలామేరకు లాంటానా కంపో, తులసి జాతికి చెంది ఘాటుగా వాసన వేసే హిప్టిస్ పొదలో కనబడుతున్నాయి. నాబోటి పల్లెటూరి వైద్యుడికి కావలసిన వస్తువులలో సగానికి పైగా ఆ అడుగుపొరలోనివే. ఈ సంగతి చెట్లను లెక్కించే వారికి తట్టదు.

పాఠకులకు బాగా తెలిసిన దశమూలాలనే తీసుకుందాం. పదింటిలో అయిదు వృక్షాలు: మారేడు, గుమ్ముడు, దుండిలం, కలిగొట్టు, నెల్లి. మిగిలిన అయిదూ చిన్న మొక్కలు: ముయ్యాకుపొన్న, కోలపొన్న, పెద్దములక, నేలములక, పల్లేరు. మన పూర్వులు వీటిని బృహత్ పంచమూలమనీ, లఘు పంచమూలమనీ రెండుగా విభజించి, మళ్ళీ ఒకే కషాయంలో కలిపారు. ఆ చిన్న అయిదింటిలోనూ అన్నీ ఒక్క తీరున బ్రతికేవి కావు. పల్లేరుకు ఎండ కావాలి, తొక్కిన నేల కావాలి. నేలములక దారి ప్రక్కన, బీడులో, పశువులు తిరిగిన చోట హాయిగా పెరుగుతుంది. అంటే అడవికి ఎంత అలజడి కలిగితే వీటికి అంత మేలు. ముయ్యాకుపొన్న, కోలపొన్నల సంగతి వేరు. వాటికి పలుచని నీడ, గడ్డితో కలిసిన కదలని నేల కావాలి. అందుచేతనే నేడు అంగడిలో పల్లేరుకాయలు కోరినన్ని దొరుకుతాయి. ముయ్యాకుపొన్న పేరిట వచ్చే పుల్లలను మాత్రం నేను రెండుసార్లు పరీక్షించి గాని తీసుకోను.

ఈ విషయం ఆధునిక వృక్షశాస్త్రజ్ఞులు కనిపెట్టిన వింత కాదు. చరక సంహిత కల్పస్థానం మొదటి అధ్యాయంలో మూలికలు ఎటువంటి నేల నుండి తేవాలో చెప్పినప్పుడు, నాగలి పడని భూమిలో, తమకంటే బలమైన చెట్ల ఒత్తిడికి లోనుకాకుండా పుట్టినవి శ్రేష్ఠమని స్పష్టంగా ఉన్నది. నిప్పు, ఎండ, నీరు, గాలి, పురుగుల వల్ల చెడనివి కావాలని కూడా ఉన్నది. దున్నని నేల, అణచివేయని నీడ! అడుగుపొర బాగుండడానికి కావలసిన రెండు షరతులూ అందులోనే ఇమిడి ఉన్నాయి.

చెట్ల కొమ్మలు ఒకదానికొకటి ఆనుకొని గొడుగు కట్టితే నేలకు వెలుతురు అందదు. నల్లమల ఆకురాల్చే అడవి గనుక మాఘం నుండి జ్యేష్ఠం వరకు నేల మీద ఎండ పుష్కలంగా పడుతుంది, కాని అప్పుడు తేమ ఉండదు. తేమ వచ్చే వానాకాలంలో ఆకు కమ్ముకొని వెలుతురు పోతుంది. ఈ రెండింటి మధ్య దొరికిన కొద్ది అవకాశంలోనే ఏకవార్షికాలు మొలిచి, పూచి, విత్తనం రాల్చుకోవాలి. ఎడంగా ఉన్న చెట్ల మధ్య ఇది సులభం. వరుసలు తీర్చి దట్టంగా నాటిన టేకు తోటలో కష్టం. టేకు ఆకు విస్తరి వంటిది. వాన నీరు దాని మీద చేరి పెద్ద బొట్లుగా క్రిందికి పడుతుంది. అడుగున చిన్న మొక్కలు లేకపోతే ఆ బొట్లే మట్టిని కోసివేస్తాయి. జావా టేకు తోటలలో ఈ నష్టాన్ని ఎప్పుడో గుర్తించారు. 1950లో మొదలైన వనమహోత్సవం నాటి నుండి మనకు అలవాటైన కొలమానం ఒక్కటే, ఎన్ని మొక్కలు నాటారన్నది. వాటి క్రింద ఏది బ్రతికి ఉన్నదని అడిగిన వారిని నేను చూడలేదు.

ఇక నిప్పు. దీని గురించి కొంచెం వివరంగా వ్రాయాలి, ఎందుకంటే దీనిపై మన అభిప్రాయాలు మరీ సూటిగా ఉంటాయి. మందపాటి బెరడు గల మద్ది, యేగి వంటి పెద్ద చెట్లకు నేలబారు మంట వల్ల సాధారణంగా ప్రాణాపాయం ఉండదు. దుంపలున్న నేలతాడి, నేలగుమ్మడి, పిల్లిపీచర పైన కాలినా వానకు మళ్ళీ చిగిర్చగలవు. ఆకు చెత్తలో పడి ఉన్న నేలవేము విత్తనం, ఏడాది వయసు గల ఉసిరి, కరక్కాయ మొలకలు మాత్రం మాడిపోతాయి. పుష్య మాఘాలలో గడ్డి అడుగున ఇంకా పచ్చి ఉండగా అంటుకునే మంట పలుచన. చైత్ర వైశాఖాలలో అంటుకునేది తీవ్రం. బీడీ ఆకు కోసం తునికి చిగుళ్ళు త్వరగా రావాలనీ, పశువులకు లేత గడ్డి కావాలనీ వేసవిలో పెట్టే నిప్పు ఈ రెండవ రకం. అది ఏటేటా వస్తే అడుగుపొరలో గడ్డీ దుంపజాతులూ మిగులుతాయి, తక్కినవి పోతాయి.

అయితే నిప్పును పూర్తిగా ఆపివేస్తే సరిపోతుందా? కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండలను 1974లో అభయారణ్యం చేసిన తరువాత అక్కడి సోలిగలు శీతకాలపు చివర ఆకు చెత్తకు చిన్న మంటలు పెట్టే ఆచారాన్ని మాన్పించారు. 1997లో పరిశీలించిన చోట్లనే 2008లో మళ్ళీ చూసినప్పుడు లాంటానా విపరీతంగా పెరిగి ఉన్నది. చిన్న మంటలు ఆగడమే దీనికి కారణమని సోలిగలు అంటారు. శాస్త్రజ్ఞులలో ఈ విషయమై వాదోపవాదాలు ఉండవచ్చు గాని, నాకు సోలిగల మాటే సబబుగా తోస్తున్నది. లాంటానాను మన దేశానికి పందొమ్మిదవ శతాబ్దం ఆరంభంలో కలకత్తా ఉద్యానవనానికి అలంకారం కోసం తెచ్చారు. పిట్టలు దాని పండ్లు తిని విత్తనాన్ని ఊరూరా చేర్చాయి. దాని క్రింద వెలుతురు ఉండదు, గడ్డి మొలవదు. కాలినా, కొట్టినా మొదటి నుండి మళ్ళీ చిగిరిస్తుంది.

నల్లమలలో 1978లో అభయారణ్యం, 1983లో పులుల ప్రాజెక్టు వచ్చాయి. గొడ్డలి చాలావరకు ఆగింది, అది గొప్ప మేలే. కాని పిట్ట నోటిలోని విత్తనాన్ని ఏ చెక్‌పోస్టు ఆపుతుంది? అందువలన కంచె వేసి వదిలేస్తే అడవి తనంత తానే బాగుపడుతుందన్న వాదంతో నేను ఏకీభవించలేను. ఒకసారి చెదిరిన అడుగుపొరను చేతితో బాగుచేయవలసి ఉంటుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య సి.ఆర్. బాబు బృందం కార్బెట్ అడవులలో లాంటానా తల్లివేరును నేలమట్టానికి కొద్ది అంగుళాల క్రింద కోసి, పొదను తలక్రిందులుగా పెట్టి, ఖాళీ అయిన చోట స్థానిక గడ్డి పెంచే పద్ధతిని అమలుచేసింది. కూలి ఖర్చు ఎక్కువే. ఆ కూలి మన చెంచు గూడేలకు దక్కితే అంతకంటే సరైన ఖర్చు నాకు కనబడదు. అడవిలో ఏ మొక్క ఎక్కడ ఉండేదో వారికి తెలిసినంతగా కాగితాలకు తెలియదు.

శ్రీశైలం కాలిబాట విషయం కూడా ప్రస్తావించాలి. ఉగాదికి ముందు కన్నడ భక్తులు వేలాదిగా వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా నడిచి వెళ్తారు. ఆ భక్తికి నమస్కారం. కాని అది ఆకు పూర్తిగా రాలి, అడవి ఎండుకట్టెలా ఉండే కాలం. వంట పొయ్యిని నీళ్ళు పోసి ఆర్పకుండా వదిలితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. బాట అంచున వయ్యారిభామ మొలవడానికి తొక్కిన నేల చాలు, విత్తనం చెప్పులకంటుకొని వస్తుంది.

చివరిది మన ఇంటి వ్యవహారం. వేసవిలో నన్నారి లేని రాయలసీమ ఇల్లు ఉండదు. నన్నారికి వాడేవి రెండు: సన్నని, గట్టి వేళ్ళ సుగంధిపాల, లావుగా, కండగా ఉండే మారెడుగడ్డ. రెండింటి వాసన దగ్గరగా ఉండడంతో ఒకదాని పేరున మరొకటి అమ్ముతారు. మారెడుగడ్డ దక్షిణ భారతంలో మాత్రమే పుట్టే తీగ. దాని వేళ్ళన్నీ తవ్వితే తీగ చస్తుంది. తవ్విన గుంతలో మరుసటి వానకు కలుపు మొలుస్తుంది. కొన్ని వేళ్ళు తీసి, మొదలు వద్ద మిగిలినవాటిని మట్టితో కప్పిన తీగ బ్రతుకుతుంది. పాత తరం చెంచు పెద్దలు ఇలాగే చేయడం నేను కళ్ళారా చూశాను. గడ్డలను తూకానికి కొనే వర్తకుడు వచ్చిన తరువాత ఆ ఓపిక ఎవరికి ఉంటుంది? తూకం పెరిగితేనే కదా డబ్బులు. చరకుడు వేరును గ్రీష్మంలో గాని శిశిరంలో గాని తీయమన్నాడు, అంటే ఆకు రాలి, విత్తనం పండిన తరువాత. నేడు ఆర్డరు వచ్చిన రోజే ముహూర్తం.

నేలవేముతో మరో చిక్కు ఉన్నది. దాని గుణం పూత దశలో అధికం, అప్పటికి విత్తనం కట్టదు. అడవిలో పూతకే అంతా పీకివేస్తే మరుసటి ఏడు మొలిచేదేమున్నది? కనుక దీనిని మాత్రం అడవి నుండి తేవడం మానివేయాలని నా గట్టి అభిప్రాయం. ఇది ఏకవార్షికం, కుండీలో చక్కగా వస్తుంది. తొలకరికి ముందు విత్తనాన్ని ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, ఇసుక కలిపిన మట్టిలో పైపైన చల్లండి, లోతుగా పూడ్చకూడదు. కొంచెం నీడ తగిలే చోటు మేలు. కార్తీకం నాటికి పూతకు వస్తుంది. పది మొక్కలుంటే ఏడు కోసి నీడన ఎండబెట్టుకోండి. గర్భిణులకు మాత్రం ఇవ్వకూడదు. మూడింటిని కదల్చకుండా కాయలు గోధుమ రంగుకు తిరిగే దాకా ఉంచండి. కాయ ఎండితే టప్పున పగిలి విత్తనం దూరంగా పడుతుంది, అందుచేత పగలక ముందే ప్రొద్దున మంచు ఉండగా కోసి గుడ్డలో మూట కట్టుకోవాలి.