గృహిణీగోష్ఠి: మార్చిన మార్కుల లెక్క

రాజమహేంద్రవరమునుండి ఒక సోదరీమణి మాకొక జాబు వ్రాసియున్నారు. ఆమె కుమార్తెయు, మఱిది కుమారుడును ఒకే ఉపాధ్యాయునియొద్ద లెక్కలు చెప్పించుకొనుచున్నారు. బాలిక ఉదయము పోవును, బాలుడు సాయంకాలము పోవును. ఒక్కొక్క వేళకు అయిదుగురు చొప్పున పిల్లలు. ప్రశ్నలు ముందుగా తెలిసిపోకుండుటకై ఉపాధ్యాయుడు ఉదయమువారికి ఒక పత్రమును, సాయంకాలమువారికి మఱొక పత్రమును ఇచ్చినాడు. బాలికకు 80, బాలునికి 85 మార్కులు వచ్చినవి. ఆయన పంపిన కాగితములో మార్కుల ప్రక్కన ‘టి స్కోరు’ అను ఇంకొక గడి కలదు. అందు బాలికకు 64.1 అనియు, బాలునికి 57.1 అనియు ఉన్నది.

అత్తగారు ఆ కాగితము చూచి, “80 వచ్చినదని చెప్పితివే, తీరా చూడగా 64 మాత్రమే ఉన్నదే” యని మనుమరాలిని నిలదీసినారట. బాలిక చిన్నబుచ్చుకొని ఇంటి కంప్యూటరులో ఎక్సెల్ తెఱచి ఆ లెక్కను తానే చేసికొన్నది. ఆమెకు 64.1 రాలేదు, 62.6 వచ్చినది. దానితో ఇంటిల్లిపాదికిని ఉపాధ్యాయునిమీదనే అనుమానము పుట్టినది. ఈ వేసవిలో ఇద్దఱిలో ఒకరినే హైదరాబాదునకు ఎంట్రన్సు శిక్షణకు పంపుటకు ఆ యింటికి శక్తి కలదు. “85 వచ్చినవానిని ఇంట కూర్చుండబెట్టి 80 వచ్చినదానిని పంపుట ఎక్కడి న్యాయము?” అని మామగారి మాట. సోదరి మమ్మడిగినది ఒక్కటే: 80, 64.1, 62.6 – ఈ మూటిలో ఏది నిజము?

మూడును నిజమే. చెప్పుకథ కాదు, ఆమె పంపిన కాగితములోని అంకెలనే ఇచట పెట్టి చూపెదము. ప్రక్కన కాగితము, కలము పెట్టుకొని చదువుడు.

ఉదయమువారి మార్కులు 40, 50, 60, 70, 80. సగటు 60. సాయంకాలమువారివి 70, 75, 80, 85, 90. సగటు 80. అనగా బాలిక తనవారి సగటుకంటె 20 మార్కులు పైన నున్నది. బాలుడు తనవారి సగటుకంటె 5 మార్కులు మాత్రమే పైన నున్నాడు. పూర్వము ఒక ఊరి మానిక మఱొక ఊరి మానికకు సరిపోయెడిది కాదు. రెండు ఊళ్ల ధాన్యమును పోల్చవలసివచ్చినపుడు మానికలు లెక్కింపక తూకమునకు పెట్టెడివారు. రెండు వేర్వేఱు పత్రముల మార్కులును అట్టివే.

ఆ తూకము ఇట్లుండును. మొదట సగటునుండి పిల్లలందఱి మార్కులు ఎంత చెదరియున్నవో చూడవలయును. దీనినే బడి పుస్తకములలో ప్రామాణిక విచలనమందురు. ఉదయమువారి తేడాలు 20, 10, 0, 10, 20. వీని వర్గములు కూడిన 1000. 5చే భాగించిన 200. దాని వర్గమూలము 14.14. బాలిక 20 మార్కుల ఆధిక్యమును ఈ 14.14చే భాగించిన 1.41 వచ్చును. దానిని 10చే హెచ్చించి 50 కలిపిన 64.1. సాయంకాలమువారికిని ఇట్లే చేయగా విచలనము 7.07, బాలుని స్కోరు 57.1 అగును. ఈ లెక్కలో సరిగా సగటున నున్న బిడ్డకు 50 వచ్చును. కావున 64.1 అనగా నూటికి 64 కాదు. తనవారి నడుమ బాగుగా పైన నున్నదని అర్థము. ఈ పద్ధతిని 1922లో విలియమ్ మెకాల్ అను అమెరికా విద్యావేత్త ప్రవేశపెట్టెను. థార్న్‌డైక్, టెర్మన్ అను ఇద్దఱు మనస్తత్త్వ శాస్త్రజ్ఞుల గౌరవార్థము వారి పేర్ల మొదటి అక్షరమైన ‘టి’ని దానికి పెట్టినారు. ఆయన లెక్క ఇంతకంటె కొంత చిక్కైనది. నేడు పలువురు వాడునది పైన చూపిన సులువైన రూపము.

ఇక బాలికకు 62.6 ఏల వచ్చినది? ఆమె తప్పు చేయలేదు, ఉపాధ్యాయుడు మోసము చేయలేదు. వర్గముల మొత్తమైన 1000ని ఆయన 5చే భాగించినాడు, ఎక్సెల్ 4చే భాగించినది. అన్నము ఉడికినదో లేదో చూచుటకు నాలుగు మెతుకులు పట్టి చూతుము గదా. చేతిలోని అంకెలు అట్టి మెతుకులు మాత్రమే, వాని వెనుక పెద్ద గుంపు కలదు అనుకొన్నచో, గణకులు ఒకటి తగ్గించి భాగింతురు. ఆ అయిదుగురే మన లెక్కకు సర్వస్వమనుకొన్నచో పూర్తిగా 5చే భాగింతురు. ఎక్సెల్‌లో ఈ రెంటికిని రెండు సూత్రములు కలవు: చివర ‘పి’ అక్షరమున్న ఎస్‌టిడెవ్ పూర్తి సంఖ్యచేతను, ‘ఎస్’ ఉన్నది ఒకటి తక్కువ సంఖ్యచేతను భాగించును. న్యూజీలండులోని ఆక్లండు విశ్వవిద్యాలయమున పుట్టిన ‘ఆర్’ అను గణాంక సాధనము ఎపుడును ఒకటి తగ్గించియే భాగించును. పైథాన్‌వారి ‘నంపై’ మనము వేఱుగా చెప్పకున్నచో తగ్గింపదు. ఏ సాధనమును తాను దేనితో భాగించినదో తెఱమీద చెప్పదు. అడిగి తెలిసికొనవలసినది మనమే. లక్షలమంది వ్రాయు పరీక్షలో ఈ భేదము కంటికి కానరాదు. అయిదుగురిలో మాత్రము ఒకటిన్నర మార్కై కూర్చుండి ఒక ఇంట కలహము పెట్టినది.

పర్సెంటైలు విషయములోను ఇట్టి చిక్కే కలదు. దీనిని గూర్చి పలువురు తల్లులు పొరబడుచున్నారు గావున కొంచెము నిలిచి చెప్పెదము. జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షను 2019 నుండి నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీవారు జరుపుచున్నారు. వారిచ్చు స్కోరు మార్కుల శాతము కాదు. ఆ పూట పరీక్ష వ్రాసినవారిలో మన బిడ్డతో సమానముగనో తక్కువగనో మార్కులు వచ్చినవారు నూటికి ఎందఱో, అదియే ఆ అంకె. 62 వచ్చినదన్న నూటికి 62 మార్కులు వచ్చినట్లు కాదు. 300కు వచ్చిన మార్కులు అంతకంటె చాల తక్కువ కావచ్చును. పదిలక్షలమంది వ్రాసిరనుకొన్నచో 62 పర్సెంటైలు వచ్చిన బిడ్డకు ముందు 3,80,000 మంది ఉందురు. 99 వచ్చినవారికి ముందు 10,000 మంది, 99.9 వచ్చినవారికి ముందు 1,000 మంది. 99కి, 99.9కి భేదమేమున్నదని ఒక తండ్రి మాతో ననెను. ఆ చిన్న భేదములో తొమ్మిదివేలమంది పిల్లలున్నారు. ఏజెన్సీవారు దశాంశమునకు పిమ్మట ఏడు అంకెలు వేయుట ఇందుకే.

మన అయిదుగురినే ఈ లెక్కకు తెచ్చినచో బాలికకు 100, బాలునికి 80 వచ్చును. కాని ఎక్సెల్‌లో మామూలు పర్సెంట్‌ర్యాంకు సూత్రము వాడినచో బాలునికి 75 వచ్చును. ఏలయన అది తనకు క్రిందనున్నవారిని మాత్రమే లెక్కించి, మొత్తములో ఒకటి తగ్గించి భాగించును. అందఱికంటె వెనుకనున్న బిడ్డకు అది సున్న చూపును. ఏజెన్సీవారి లెక్కలో ఆ బిడ్డకే 20 వచ్చును. ఇది చాలదని ‘ఆర్’ సాధనములో టి స్కోరును గంటయాకారపు వక్రరేఖ ననుసరించి పర్సెంటైలుగా మార్చువారు కలరు. అట్లు చేసిన బాలికకు 100కు బదులు సుమారు 92 వచ్చును. అయిదుగురి మార్కులు ఆ వక్రరేఖలో ఒదుగునని ఎవరు చెప్పిరి?

మన రెండు రాష్ట్రముల ఎంట్రన్సు పరీక్షలైన ఈఏపీసెట్‌లలో పూటపూటకు మార్కులను సరిచేయుటకు సగటును, విచలనమును గూడ లెక్కలోనికి తీసికొందురు. అందుచే బిడ్డకు వచ్చిన మార్కులకంటె సరిచేసిన మార్కులు ఎక్కువ కావచ్చును, తక్కువయు కావచ్చును. తగ్గినచో పిల్లలను కోపింపవలదు. సులువైన పత్రము వచ్చిన పూట అట్లు జరుగుట కలదు.

ఇంతవఱకు చదివి ఆ సోదరి, బాలికయే మిన్నయని తేలినదని సంతోషింపవచ్చును. అంత తొందర వలదు. ఈ లెక్కలన్నియు ఒక్క ఊహపై నిలిచియున్నవి: రెండు గుంపుల పిల్లలును తెలివిలో ఇంచుమించు సమానులే, పత్రములలోనే కష్టసుఖముల భేదము కలదు అని. జె.ఇ.ఇ.లో ఏ బిడ్డ ఏ పూట వ్రాయవలయునో కంప్యూటరు చీట్లు వేసినట్లు పంచును, పూటపూటకు వ్రాయువారును వేలకు వేలు. కావున ఆ ఊహ చాలవఱకు నిలుచును. ట్యూషనులో అట్లు కాదు. ఎవరి వీలునుబట్టి వారు వేళ కుదుర్చుకొందురు. సాయంకాలపు పత్రము సులువై అందఱికిని మార్కులు ఎక్కువ వచ్చినవా, లేక సాయంకాలపు పిల్లలే చురుకైనవారా? ఈ పది అంకెలను ఎంత తిప్పినను ఏ సాధనమును దీనికి సమాధానము చెప్పజాలదు. పైగా అయిదుగురే! 40 వచ్చిన బిడ్డ ఆనాడు జ్వరము వచ్చి రాకపోయినచో సగటు 65 అగును, విచలనము 11.18 అగును, మన బాలిక స్కోరు 64.1 నుండి 63.4కు దిగును. ఆమె వ్రాసినదానిలో ఒక్క అక్షరమైనను మాఱలేదు.

కావున మామగారికి చెప్పవలసినది ఇది: 85 పెద్దది గనుక బాలుడే అర్హుడనుట నిలువదు, 64.1 పెద్దది గనుక బాలికయే అర్హురాలనుటయు నిలువదు. ఆడపిల్ల గనుక 80 అన్న తక్షణమే ఇంటిలో తీర్పు ముగిసినదేమో యని మాకొక అనుమానము. బాలికకు 85, బాలునికి 80 వచ్చియున్నచో వెంటనే పత్రముల కష్టసుఖములను గూర్చి విచారించియుందురు.

అత్తగారికి 50 సగటు అన్న సంగతి చెప్పినచో చాలును. ఆమె మనుమరాలిని దగ్గఱకు తీసికొందురు. ఉపాధ్యాయుని మాత్రము ఒక్క కోరిక కోరుడు. ఏదైన ఆదివారమున పదిమందిని ఒకచోట కూర్చుండబెట్టి, ఎవరును చూడని ఒకే పత్రమును ఇమ్మనుడు. వీలైనచో మఱి రెండు ఆదివారములు గూడ అట్లే చేయుమనుడు. అపుడు మార్కులను మార్కులతోనే పోల్చవచ్చును, ఎక్సెల్ అక్కఱయుండదు. ఆ కాగితములు మాకు పంపుడు. అంతవఱకు హైదరాబాదునకు ఎవరి పేరను రుసుము కట్టవలదు.