విత్తనపు పొట్టేలుకూ పరీక్ష కావాలి

వేరుశనగ విత్తనకాయలు కొనే రైతు వాటిని ఒలిచి, గింజ కొరికి, మొలక కట్టి చూసిగాని భూమిలో వేయడు. మందలో వదిలే పొట్టేలు విషయంలో మాత్రం మనవారిలో ఆ జాగ్రత్త కనబడడం లేదు. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలలో యిది చిన్న విషయం కాదు. వాన మొహం చాటేసిన యేడు పంట పోయినా, సంసారాన్ని నిలబెట్టేది జీవాలే. 2019 పశుగణన ప్రకారం రాష్ట్రంలో వున్న గొర్రెలు సుమారు 1 కోటి 76 లక్షలు. వాటిలో ఉమ్మడి అనంతపురం జిల్లాదే అగ్రస్థానం.

మందలలో జరుగుతున్నదేమిటి? బాగా ఎదిగిన పొట్టేలు పిల్లలను వ్యాపారి ముందుగా తోలుకుపోతాడు. అమ్ముడు పోనిదే మందకు విత్తనమవుతుంది. అదీ ఆ మందలో పుట్టినదే. దాన్ని నాలుగైదేళ్ళు వుంచితే తన కూతుళ్ళనే దాటుతుంది. మనుషుల్లో మేనరికాల వల్ల వచ్చే చిక్కులు యిప్పుడు చాలామందికి తెలుసు. మందలో జరిగేది అంతకంటే దగ్గరి సంబంధం.

కొన్ని వంశపారంపర్యపు జబ్బులు తల్లి, తండ్రి యిద్దరి నుంచీ లోపం వస్తేనే బయటపడతాయి. ఒకరి నుంచే వస్తే ఆ జీవం ఆరోగ్యంగానే వుంటుంది, కాని లోపాన్ని మోస్తుంటుంది. అలాంటి పొట్టేలుకు పుట్టిన కూతుళ్ళలో సగం ఆ లోపాన్ని మోస్తాయి. వాటిని అదే పొట్టేలు దాటితే సగటున ఎనిమిది పిల్లలలో ఒకటి జబ్బుతో పుడుతుంది. పిల్లల చావుకు మేత కొరత, అంటురోగాలు ప్రధాన కారణాలన్నది నిజమే. కాని వాటి మాటున యీ నష్టం లెక్కకు రాకుండా పోతోంది.

పైకి చక్కగా వున్న మగజీవం ఎంత చేటు తేగలదో పాడిపశువుల రంగం చూసింది. 1952లో అమెరికాలో పుట్టిన ఆస్బర్న్‌డేల్ ఐవన్‌హో అనే హోల్‌స్టీన్ ఆబోతు సంతతి కృత్రిమ గర్భోత్పత్తి ద్వారా పలు దేశాలకు వ్యాపించింది. దూడలలో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే లోపం కూడా దానితోపాటే పాకింది. 1992లో ఆ లోపాన్ని కనిపెట్టే పరీక్ష వచ్చేనాటికి అమెరికాలో పరీక్షించిన ఆ జాతి ఆబోతులలో సుమారు 14 శాతం దాన్ని మోస్తున్నట్లు తేలింది. మన దేశంలోనూ వీర్య కేంద్రాలలో చేర్చుకునే హోల్‌స్టీన్ ఆబోతులకు యిటువంటి పరీక్షలు జరపాలని కేంద్ర ప్రభుత్వ ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. విదేశాలలో జాతికుక్కలు పెంచేవారు సైతం జత కట్టించే ముందు రక్త పరీక్ష చేయిస్తున్నారు. ఆబోతుకూ, కుక్కకూ వున్న పరీక్ష మన పొట్టేలుకు ఎందుకు వుండరాదు?

మంద వెంట వూరూరా తిరిగే కాపరి ప్రయోగశాలకు ఎక్కడ పోగలడని అడగవచ్చు. పోవలసింది కాపరి కాదు, పొట్టేళ్ళను అమ్మేవారు. జాతీయ పశుగణ మిషన్ 2021 నిబంధనల ప్రకారం 500 గొర్రెలు, 25 పొట్టేళ్ళతో సంతానోత్పత్తి క్షేత్రం పెట్టేవారికి 50 శాతం, గరిష్ఠంగా 50 లక్షల రూపాయల సబ్సిడీ నిర్ణయించారు. ప్రజల సొమ్ముతో నెలకొల్పే క్షేత్రాల నుంచి వచ్చే పొట్టేలుకు చెవిపోగు, తల్లిదండ్రుల వివరం, ఆరోగ్య పరీక్ష పత్రం తప్పనిసరి చేయాలి. మన నెల్లూరు, దక్కని జాతులలో ఏ లోపాలున్నాయో ముందుగా గుర్తించాలి. అవకరాలతో పిల్లలు పుట్టినచోట నమూనాలు సేకరించి, తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి పంపే యేర్పాటు వుండాలి.

అంతవరకు కాపరులు చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. కింది దవడ పొట్టిగా వున్నదాన్ని, ఒక వృషణం కిందికి దిగనిదాన్ని, కనురెప్ప లోపలికి ముడుచుకున్నదాన్ని విత్తనానికి వుంచరాదు. రెండేళ్ళకొకసారి పొట్టేలును మార్చాలి. పక్క మందతో కాక దూరపు వూరి మందతో మార్చుకుంటే మరీ మేలు. బక్రీదు బేరం ఎంత వూరించినా, మందలో మేలైన పిల్లలను ఒకటి రెండు అట్టిపెట్టుకోవాలి. మనకు కాకున్నా, మరో మందకు అవి మంచి విత్తనమవుతాయి.

గొర్రెలో లోపముంటే దాని పిల్లలవరకే నష్టం. పొట్టేలులో వుంటే మంద మొత్తానికీ చేటు. పశుసంవర్ధక శాఖ అధికారులు, గొర్రెల పెంపకందార్ల సహకార సంఘాలవారు యీ విషయమై దృష్టి సారించవలసిన అవసరం యెంతైనా వుంది.