జీడి తిన్న గోళ్ళకు రంగు వెయ్యకూడదా?

గోళ్ళరంగు పూసుకున్న అమ్మాయి మీటింగుకి వస్తే మనలో కొందరి చూపు ముందు ఆమె వేళ్ళ మీదికే పోతుంది. ‘ఇంకా చైతన్యం రాలేదు’ అని మనసులోనే ఒక మార్కు వేసేస్తారు. ఇంట్లో తండ్రి, హాస్టల్లో వార్డెను, బడిలో టీచరు కూడా సరిగ్గా ఆ వేళ్ళనే చూస్తారు. వాళ్ళు ‘షోకులు’ అంటారు, మనవాళ్ళు ‘వినియోగదారీ సంస్కృతి’ అంటారు. పేరు ఏదయినా తలవంచుకోవలసింది ఆ పిల్లే.

పలాస–కాశీబుగ్గలో ఈ తీర్పు మరీ అన్యాయంగా కనబడుతుంది. ఇక్కడి జీడి షెడ్లలో పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది స్త్రీలు. పిక్కలు కోసేదీ, పొట్టు తీసేదీ, పప్పుని సైజుల వారీగా ఏరేదీ వాళ్ళే. ‘డబ్ల్యూ 240’ అని మార్కెట్లో గొప్పగా చెప్పుకునే రకం వుంది కదా, అంటే పౌనుకి 220 నుంచి 240 తెల్లటి గుండుపప్పులు తూగాలి. అంత లెక్కగా, ఒక్క బద్ద విరగకుండా, ఒక్క గీత పడకుండా ఏరి పెట్టేది ఆడవాళ్ళ వేళ్ళు. పప్పు గీసుకుపోతే ధర తగ్గుతుంది. గోరు గీసుకుపోతే ఏ ధరా తగ్గదు.

జీడిపిక్క పైపెంకు లోపల తేనెతుట్టె గదుల్లాంటి పొర వుంటుంది. నూనె అందులో వుంటుంది. అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ అనే పదార్థాలున్న ఆ నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. చాకళ్ళు బట్టల మీద గుర్తులు పెట్టడానికి వాడిన నల్లజీడి కూడా ఈ చెట్టు కుటుంబానిదే. ‘జీడి అంటుకుంటే వదలదు’ అని మన అమ్మమ్మలకి తెలిసిన సంగతే. పిక్కల్ని ఆవిరిలో వుడికించినా, పెనం మీద కాల్చినా, పెంకు చీల్చేటప్పుడు ఆ నూనె వేళ్ళ మీదికి చిమ్మక మానదు. బూడిద రాసుకుంటారు, ఆముదం రాసుకుంటారు. కొంత ఆగుతుంది, మిగిలింది గోటి కిందికి పోతుంది. చర్మం పొలుసులుగా లేస్తుంది, గోళ్ళ అంచులు నల్లబడి పెళుసెక్కుతాయి. సబ్బుకి ఆ నలుపు పోదు. పెళ్ళికి వెళితే వడ్డించేటప్పుడు నలుగురూ చూస్తారని చెయ్యి కొంగులో దాచుకునే ఆడవాళ్ళు ఇక్కడ ఎంతమంది!

ఆ నలుపుని కప్పడానికి సులువైన దారి ఫాన్సీ షాపులోనో, సంతలో గాజుల బండి మీదో దొరికే చవక రంగుసీసా. మందంగా, ముదురు రంగులో వుంటే మరీ మంచిది. ఆదివారం మధ్యాహ్నం నలుగురు అరుగు మీద చేరి ఒకరి గోళ్ళకి ఒకరు వేసుకుంటారు. కుడిచేతికి ఎవరయినా వెయ్యాలి కదా! సీసా అడుగంటి గడ్డ కడితే కాస్త థిన్నర్ పోస్తారు. పాత రంగుని బ్లేడుతో గీకుతారు. ఈ మధ్య ఫోన్లో ఆర్డరు పెడితే పెట్టుడు గోళ్ళ పాకెట్టు కూడా ఇంటికే వస్తోంది. దాంతో వచ్చిన జిగురు చాలకపోతే చెప్పులు అతికించే గమ్ముతో అంటిస్తారు. నవ్వుకుంటారు, పోల్చి చూసుకుంటారు, పెళ్ళికి ఏది బాగుంటుందో తేల్చుకుంటారు. వారమంతా పిక్కలకీ పొయ్యికీ అప్పగించిన చేతులు వాళ్ళ సొంతానికి మిగిలే గంట అది. ఆ గంటని ‘పితృస్వామ్య భావజాలానికి లొంగుబాటు’ అని రాసిపారెయ్యడం ఎంత తేలిక! రాసేవాళ్ళ గోళ్ళు ఎప్పుడూ శుభ్రంగానే వుంటాయి మరి.

అందాల పరిశ్రమని వ్యతిరేకించడం తప్పని నేను అనడం లేదు. 1996లో బెంగుళూరులో మిస్ వరల్డ్ పోటీల మీద స్త్రీల సంఘాలు నిరసన తెలిపాయి. 2025 మే నెలలో ఆ పోటీలే హైదరాబాదుకి వచ్చినప్పుడూ వ్యతిరేకించాయి. స్త్రీ శరీరాన్ని కొలతలుగా మార్చి దాంతో సరుకులు అమ్ముకునేవాళ్ళని నిలదియ్యాల్సిందే. కానీ కిరీటాలు పంచే కంపెనీ మీద ఎత్తిన వేలుని కాశీబుగ్గ సంతలో సీసా బేరమాడుతున్న అమ్మాయి వైపు తిప్పితే అది పోరాటం అవుతుందా? ఆమెకి అందం అమ్మిన మార్కెట్టూ, ఆమె చేతిని నల్లగా మార్చిన మార్కెట్టూ ఒకే తాడుకి రెండు కొసలు. మొదటి కొస గురించి వ్యాసాలు బోలెడు రాశాం. రెండో కొసని పట్టుకున్నవాళ్ళు తక్కువ.

తిండిసరుకు తయారయ్యే చోట గోళ్ళరంగు, పెట్టుడు గోళ్ళు వుండకూడదన్నది పరిశుభ్రతలో మామూలు నియమం. రంగుపెచ్చు పప్పులో పడితే తినేవాడికి ప్రమాదం, ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది. నియమం న్యాయమైనదే, పాటించాల్సిందే. కాకపోతే ఆ నియమం ఎవరిని ఎవరి నుంచి కాపాడుతోందో చూడండి. పప్పుని ఆమె గోటి నుంచి కాపాడుతోంది. ఆమె గోటిని పెంకు నుంచి కాపాడే నియమం మాత్రం గేటు దగ్గర ఎవరూ చదివి వినిపించరు. పైగా ఆ పెంకు కూడా వృథా పోదు. నూనె తీసే మిల్లుకి అమ్ముడుపోతుంది. అక్కడి నుంచి వాహనాల బ్రేకు లైనింగుల్లోకీ, పెయింట్లలోకీ, వార్నిష్‌లలోకీ వెళుతుంది. ఆ నూనెకి కిలోల్లో ధర వుంది. అది తినేసిన చర్మానికి లేదు.

‘గ్లవ్స్ ఇస్తే వాళ్ళే వేసుకోరండీ’ అనేది యజమానులు తరచూ చెప్పే మాట. ఎందుకు వేసుకోరు? కిలోల లెక్కన కూలి కట్టినప్పుడు గ్లవ్స్‌తో పిక్క జారుతుంది, చెయ్యి నెమ్మదిస్తుంది, సాయంత్రానికి తూకం తగ్గుతుంది. తగ్గిన తూకం ఎవరి ఖాతాలోంచి పోతుందో యజమానికి తెలుసు. చేతికి సరిపోయే పలుచని గ్లవ్స్, అవి వేసుకున్నా కూలి పడిపోని రేటు, ఈ రెండూ కలిపి అడగాలి. ఒకటి ఇచ్చి రెండోది ఎగ్గొడితే గ్లవ్స్ మేకుకి వేలాడతాయి.

ఇక సీసా సంగతి. షోకు అని తిట్టేవాళ్ళెవరూ అందులో ఏముందని అడగలేదు. గోళ్ళరంగులో పొరగా గట్టిపడేది నైట్రోసెల్యులోజ్. దాన్ని కరిగించి వుంచే ద్రావకాలు చిటికెలో అంటుకుంటాయి. పొయ్యి పక్కన, దీపం పక్కన కూర్చుని వేసుకోకూడదు. టొలుయీన్, ఫార్మాల్డిహైడ్, డైబ్యూటైల్ థాలేట్ అనే మూడింటి మీద ప్రపంచమంతటా ఆందోళన జరిగి, పేరున్న కంపెనీలు చాలావరకు మానుకున్నాయి. పేరూ వూరూ లేని సీసాలో ఏముందో ఎవరు చెప్పాలి? 1940 నాటి మందులు, సౌందర్యసాధనాల చట్టం, దాని కింద 2020లో వచ్చిన నియమాలు చెబుతున్నాయి: లేబులు మీద తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, వాడాల్సిన గడువు, అందులోని పదార్థాలు వుండాలి. సంతలో పది సీసాలు తిప్పి చూడండి, ఎన్నింటి మీద ఇవన్నీ కనబడతాయో. డబ్బున్నామె కొనే సీసాకి చట్టం వుండి, కూలిపిల్ల కొనే సీసాకి లేకుండా పోవడం ఏ న్యాయం?

పెట్టుడు గోళ్ళు మరికాస్త జాగ్రత్త కోరతాయి. గమ్ము నూలుగుడ్డ మీద ఒలికితే ఒక్కసారిగా వేడెక్కి చర్మం కాలుతుంది. అంటించిన గోటి కింద నీరు నిలిస్తే బూజో బాక్టీరియావో చేరి గోరు పచ్చగా మారుతుంది. పట్టి లాగితే అసలు గోటి పొరలు కూడా లేచొస్తాయి, వేడినీళ్ళలో నానబెట్టి మెల్లగా తియ్యాలి. లైటు కింద గట్టిపడే జెల్ రకాల్లోని ఎక్రిలేట్లు చర్మానికి తగిలితే జీవితాంతం వుండే అలర్జీ రావచ్చని బ్రిటన్ చర్మవైద్యుల సంఘం 2018లో హెచ్చరించింది. ఆ అలర్జీ వచ్చినవాళ్ళకి రేపు పన్ను పూడ్పించుకున్నా ఇబ్బంది కావచ్చు. జీడి నూనెతో ఇప్పటికే పగిలిన చేతులకి ఇవి తగిలితే లోపలికి దారి తెరిచే వుంది. చేతి మీద పుండు వున్నప్పుడు రంగూ వద్దు, రిమూవరూ వద్దు. ఈ నాలుగు మాటలు తిట్టకుండా చెప్పగలిగితే ఏ అమ్మాయయినా వింటుంది.

వాళ్ళు వినాల్సిన మాట ఇంకొకటి వుంది. ఏఎన్ఎం గోటి మొదలు నొక్కి రక్తం వుందా లేదా చూస్తుంది. ఆసుపత్రిలో వేలికి తగిలించే ఆక్సిజన్ యంత్రం ముదురు రంగు మీద తప్పు చూపించవచ్చు. మూత్రపిండాల జబ్బు వున్న కొందరిలో గోరు మొదలు సగం తెల్లగా, చివర సగం గోధుమరంగుగా మారుతుంది. ఉద్దానంలో ఇది చిన్న విషయం కాదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళని కూల్చిందో అందరికీ తెలుసు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయింది కూడా. పరీక్షకి, కాన్పుకి, డయాలసిస్‌కి వెళ్ళేముందు రెండు గోళ్ళకయినా రంగు తుడుచుకుని వెళ్ళమనండి.

ఆ వేళ్ళతో మరో తంటా వుంది. 2015లో మన రాష్ట్రంలో రేషన్ షాపులకి ఈ-పోస్ యంత్రాలు వచ్చాక, బియ్యానికి వేలిముద్ర తాళంచెవి అయింది. రాయి మోసేవాళ్ళకీ, అంట్లు తోమేవాళ్ళకీ, చర్మం అరిగిపోయిన ప్రతివాళ్ళకీ ముద్ర పడదు. చేతి చర్మం పొలుసులుగా రాలిపోయే పని చేసేవాళ్ళకి ఎలా పడుతుంది? ఆధార్ ముద్ర పడలేదన్న కారణంతో రేషన్ నిరాకరించకూడదని కేంద్ర ఆహార శాఖ 2017 అక్టోబరులోనే రాష్ట్రాలకి రాసింది. ఆ కాగితం డీలరు ముందు పెట్టి అడిగిన సంఘాలు ఎన్ని?

కాస్త దూరం వెళ్ళి చూద్దాం. 2015 మేలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆ నగరంలోని గోళ్ళ సెలూన్లలో చైనా, కొరియా, నేపాల్ వంటి దేశాల నుంచి వచ్చిన స్త్రీలు ఎంత తక్కువ కూలికి, ఎలాంటి రసాయనాల మధ్య పనిచేస్తున్నారో బయటపెట్టింది. గవర్నరు వెంటనే కదిలాడు. చేతులకి గ్లవ్స్, ముఖానికి మాస్కులు, గోడ మీద కార్మికుల హక్కుల ప్రకటన వుండాలని ఆదేశాలొచ్చాయి. కాలిఫోర్నియాలో వియత్నాం స్త్రీలు తక్కువ విషమున్న రంగులు వాడే సెలూన్ల కోసం సంఘటితమయ్యారు. గోళ్ళకి రంగు వేయించుకోవడం పాపమని వాళ్ళు ప్రచారం చెయ్యలేదు. వేసే చెయ్యి, వేయించుకునే చెయ్యి రెండూ చెడిపోకూడదన్నారు. షెడ్డులో పొట్టు తీసి ఇంటికొచ్చి రంగు వేసుకునే మన పలాస ఆడమనిషివి ఆ రెండు చేతులూ.

చట్టం మన దగ్గర లేదనుకోవద్దు. రసాయనాలు, రంగులు నేరుగా తగలడం వల్ల వచ్చే చర్మవ్యాధి 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులోనే వుంది. అంటే అది వృత్తివ్యాధి. చూసిన డాక్టరు తనిఖీ అధికారులకి రాతపూర్వకంగా తెలపాలి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తిభద్రత, ఆరోగ్య కోడ్‌లోనూ ఆ జబ్బు జాబితాలో కొనసాగింది. కానీ అదే కోడ్ ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి కావలసిన కార్మికుల సంఖ్యని కరెంటు వాడే చోట పది నుంచి ఇరవైకి, వాడని చోట ఇరవై నుంచి నలభైకి పెంచింది. చిన్న షెడ్లు ఆ నిర్వచనం లోంచే జారిపోతాయి. జీడి నూనె ‘చెట్టు నుంచి వచ్చిందే కదా, రసాయనం ఎలా అవుతుంది’ అని వాదించేవాళ్ళు కూడా వస్తారు. ఆ వాదన చేసేవాళ్ళని వుత్త చేతులతో ఒక పూట పిక్కలు కొయ్యమనాలి.

టెక్కలిలో, పలాసలో, ఉద్దానం పల్లెల్లో పనిచేసే సంఘాలు ముందుగా చెయ్యగలిగిన పని ఒకటుంది. జీడి పనిచేసే స్త్రీలని దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి గుంపుగా తీసుకెళ్ళి చేతులు చూపించాలి. ఓపీ చీటీ మీద జబ్బు పేరుతో పాటు చేసే పని పేరు కూడా రాయమని డాక్టరుని అడగాలి. ‘చర్మం దురద’ అని రాసి ఆయింట్‌మెంటు ఇచ్చి పంపితే అది రికార్డు కాదు. ఆ చీటీల నకళ్ళతో కార్మికశాఖకీ, ఫ్యాక్టరీల తనిఖీ అధికారికీ అర్జీ పెట్టాలి. అర్జీకి చేతుల ఫొటోలు జతచెయ్యాలి. ముఖాలు వద్దు, పని పోతుంది. ఫొటో తీసేరోజు గోళ్ళరంగు తుడుచుకుని రమ్మని ముందురోజే కబురు పెట్టండి, లేకపోతే జీడి మచ్చ కనబడదు. ఫొటో అయ్యాక మళ్ళీ వేసుకుంటామంటే లేబులున్న సీసా ఒకటి మనమే కొనిపెట్టుకుందాం.